సెలూన్ బాబాయి, నాలుగో అధ్యాయం

మన డాక్టరుగారు ఇంకా డాక్టరు కాలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు, యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తాకు మరీ బాగా తెలుసు. వీధికి మాత్రం తెలియదు. పీహెచ్‌డీలో చేరిన ఏడాదే వీధి ఆయనకు పట్టా ఇచ్చేసింది. కింది వాటాలో పెద్దాయన మెట్ల దగ్గర కాపు కాసి, ప్యాంటు మోకాలి దాకా మడిచి, "డాక్టరుగారూ, ఇక్కడ కలుక్కుమంటోంది, కాస్త చూడండి" అంటాడు. మొదట్లో ఈయన ఓపిగ్గా, "నేను ఆ డాక్టర్ని కాదండీ, నిజానికి ఇంకా ఏ డాక్టర్నీ కాదు" అని విడమరిచి చెప్పేవాడు. ఇప్పుడు "మెట్లెక్కడం తగ్గించండి" అని సలహా ఇచ్చి తప్పుకుంటున్నాడు. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. ఆయన థీసిస్ కూడా ఇంచుమించు ఆ పద్ధతిలోనే నడుస్తోందని గిట్టనివాళ్లు అంటారు.

ఆయన కాపురం పై అంతస్తులో, రెండు గదుల వాటాలో. ఉన్నది ఒక్కటే బల్ల. పొద్దున దాని మీద టిఫిన్లు, ఆ తర్వాత పరిశోధన, సాయంత్రం ఇస్త్రీ. ఇస్త్రీ వేళకు అధ్యాయాలన్నీ లేచి ఫ్రిజ్ మీదికి వెళ్లి కూర్చుంటాయి. రెండో అధ్యాయం మీద టీ కప్పు అడుగు గుండ్రంగా ముద్రపడి ఉంటుంది. అది మామగారి ముద్ర.

మామగారు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి వేరుచేసి రిటైరైన మనిషి. ఒక్కగానొక్క కూతురి దగ్గరే ఉంటున్నాడు. "ఇల్లరికపుటల్లుళ్ల గురించి అందరూ విన్నారు, ఇల్లరికపు మామగారిని నేనొక్కణ్ణే" అని తనమీద తనే వేసుకుంటాడు. అల్లుణ్ణి మాత్రం పొరపాటున కూడా ఏకవచనంలో పిలవడు. "అల్లుడుగారూ, మీ పుస్తకం ఎందాకా వచ్చింది?" అని ఎంతో మర్యాదగా రోజూ అడుగుతాడు. ఆ మర్యాదకే అల్లుడుగారికి అన్నం సహించదు.

భార్య కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది స్పష్టంగా ఉందా, ఇందాకటిదా?" అని అడగడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నోట్లోంచి పోదు. మొగుడు ఏదైనా విషయం అటూ ఇటూ తిప్పి చెబుతుంటే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఇది స్పష్టంగా ఉందా, ఇందాక చెప్పిందా?" అంటుంది. ఆవిడ ముందు డొంకతిరుగుడు మాటలు సాగవు.

ఇక థీసిస్ సంగతి. చిన్న చిన్న సెలూన్లలో జనం ఏం మాట్లాడుకుంటారు, ఆ మాటల వల్ల ఇరుగుపొరుగు ఎలా ముడిపడతారు అన్నది అంశం. వినగానే మామగారు, "దీనికి డాక్టరేట్ ఎందుకు, క్షవరం చాలదూ?" అన్నాడు. కానీ మన డాక్టరుగారికి ఆ అంశం అంటే ప్రాణం. అందులోనూ నాలుగో అధ్యాయమంటే పంచప్రాణాలు. ఆ అధ్యాయం నిండా ఒకే మనిషి. వీధి చివర సెలూన్ బాబాయి.

బాబాయి సెలూన్‌లో రెండు కుర్చీలు. ఒకటి పైకి లేవదు, రెండోది కిందికి దిగదు. పొడుగువాళ్లను మొదటిదాంట్లో, పొట్టివాళ్లను రెండోదాంట్లో కూర్చోబెట్టి ఆయన ఇన్నేళ్లుగా నెట్టుకొస్తున్నాడు. గోడలకు ఎదురెదురుగా రెండు అద్దాలు, తలుపు పక్కన ఒక బెంచీ, మేకుకు ఒక తువ్వాలు. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట దువ్వెన ఉంటుంది. ఈ వీధికి అద్దెకొచ్చినప్పటి నుంచి మన డాక్టరుగారి తల ఆయన చేతిలోనే ఉంది.

పరిశోధన మొదలైన రోజున డాక్టరుగారు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, అద్దం ముందు నిలబెట్టి, "బాబాయ్, మీ షాపులో ఏమేం మాట్లాడుకుంటారో నాకు కావాలి. మీ మీద ఒక అధ్యాయం రాస్తాను. మీ ఫోటో కూడా వేస్తాను" అన్నాడు. బాబాయి కాసేపు కత్తెర ఆపి ఆలోచించాడు. ఆ రోజు పెద్దగా ఏమీ చెప్పలేదు. తర్వాతి వారం నుంచి మాత్రం ఆనకట్ట తెగినట్టే. ఎవరి పెళ్లి ఎలా కుదిరింది, ఏ అన్నదమ్ములు ఈ బెంచీ మీదే రాజీపడ్డారు, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ఈ కుర్చీలో ముందే ఎలా తేలిపోతుంది, అన్నీ చెప్పాడు. అడిగిన దానికల్లా జవాబు, అడగని దానికి రెండు జవాబులు. డాక్టరుగారు ఇంటికొచ్చి ఆ మాటలన్నీ రాసుకుని, పొంగిపోయి, అధ్యాయానికి 'వీధికి నాలుక' అని పేరు పెట్టాడు. అన్నట్టే ఫోటో కూడా తీశాడు. ఇస్త్రీ చొక్కాలో, కత్తెర ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డ బాబాయి. ఒక కాపీ ఫ్రేము కట్టించి ఇస్తే, బాబాయి దాన్ని అద్దం పక్కన తగిలించి, వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. "పుస్తకంలోకెక్కుతున్నాం" అని.

అంతా బాగానే ఉంది. తర్వాత ఆ అధ్యాయం మేడమ్ చేతికి వెళ్లింది.

మేడమ్ అంటే గైడ్. ఆవిడ ఎర్రసిరా వాడదు. పెన్సిలే. ఎర్రసిరా చూస్తే పిల్లలు బెదిరిపోతారని, పెన్సిలైతే నచ్చకపోతే చెరుపుకోవచ్చని ఆవిడ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆవిడ పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కి రాస్తుందంటే, చెరిపినా కాగితం మీద గాడి మిగిలిపోతుంది. మొదటి మూడు అధ్యాయాల మీద వ్యాఖ్యలు మామూలుగానే ఉన్నాయి. అర పేజీ పొడుగున సాగిన ఒక వాక్యం పక్కన, "ఇది ఎక్కడికి వెళుతోంది? తిరిగొస్తుందా?" అని ఉంది. 'అనివార్యంగా' అన్న మాట కనిపించిన చోటల్లా, "ఎవరు బలవంతపెట్టారు?" అని ఉంది. డాక్టరుగారు నవ్వుకుంటూ పేజీలు తిప్పాడు. నవ్వు నాలుగో అధ్యాయం దాకా వచ్చి ఆగిపోయింది.

అక్కడ మార్జిన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆఖరి పేజీలో, కింద మాత్రం ఇలా ఉంది: "ఈయన ఒక్క ప్రశ్నకైనా 'తెలీదు' అనలేదు. మీరు వినాలనుకున్నదే ప్రతిసారీ చెప్పాడు. మీ ఫోన్ అక్కడ లేనప్పుడు ఈ షాపు ఎలా ఉంటుంది? ఫోన్ లేకుండా వెళ్లి మళ్లీ కలవండి. లేదా ఈ అధ్యాయం తీసేయండి."

మనిషికి రెండు దారులు చూపిస్తే, మనసు నొచ్చుకున్నప్పుడు ఏది పట్టుకుంటాడో తెలిసిందే. మన డాక్టరుగారు ఆఖరి వాక్యం పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"బాబాయి అబద్ధాలాడాడనే కదా ఆవిడ అర్థం! అసలు ఆవిడ జన్మలో ఒక్కసారైనా సెలూన్ గడప తొక్కిందా?"

"తీసేయమనే రాసిందా?" అంది భార్య, చొక్కా కాలరు మీద పెట్టె తిప్పుతూ.

"తీసేయమనే."

"ఇంకేం రాయలేదా?"

"మళ్లీ కలవమంది. కలిసి ఏమడగాలి? బాబాయ్, మీరు నాకు చెప్పినవి నిజాలేనా అని అడగనా? ఆయన ముఖం చూసి ఆ మాట ఎలా అడగను?"

"అంటే తీసేయమందా, కలవమందా? ఏది స్పష్టంగా ఉంది?"

డాక్టరుగారు విసురుగా బాల్కనీలోకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే అధ్యాయం మొత్తాన్ని కంప్యూటర్లో కత్తిరించి, 'తర్వాత' అని పేరు పెట్టిన ఫోల్డర్లో పడేశాడు. థీసిస్ సన్నబడింది. పని అయిపోయిందనుకున్నాడు.

పని అప్పుడే మొదలైంది. బస్టాపుకు వెళ్లాలంటే బాబాయి షాపు ముందు నుంచి వెళ్లాలి. షాపు ముందు నుంచి వెళితే బాబాయి అద్దంలోంచి చూసి చెయ్యి ఊపుతాడు. చెయ్యి ఊపితే లోపలికి వెళ్లాలి, వెళితే పక్కనే గోడ మీద ఆ ఫోటో. ఇదంతా తలుచుకుని డాక్టరుగారు వెనక సందులోంచి తిరగడం మొదలుపెట్టాడు. ఆ సందులో ఇనుప గేట్లు వెల్డింగ్ చేసే కొట్టు ఒకటి, దాని ముందు ఎవరినీ నమ్మని కుక్క ఒకటి. రోజూ నిప్పురవ్వలు దాటుకుని, కుక్కకు సంజాయిషీ చెప్పుకుని, చుట్టూ తిరిగి బస్టాపు చేరేసరికి ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయి ఉండేది. కాలేజీలో ఆయన చెప్పే పార్ట్‌టైం క్లాసుకు పిల్లలు తనకంటే ముందు రావడం అప్పుడే మొదలైంది.

కాళ్లు దారి మార్చుకోగలిగాయి గానీ జుట్టు మాట వినలేదు. అది పెరగడం మొదలుపెట్టింది. మొదట చెవుల మీదికి దిగింది, తర్వాత చెవుల్ని మింగేసింది, తర్వాత కాలరు మీద కూర్చుంది. వేరే సెలూన్‌కి వెళ్లొచ్చు కదా అంటారా? ఆయనా అనుకున్నాడు. బజారులో గాజుతలుపుల సెలూన్ దాకా వెళ్లి, తలుపు మీద చెయ్యి కూడా వేశాడు. కానీ వేరే కత్తెర తగిలిన తలను బాబాయి మెడ వెనక నుంచి చూసి పట్టేస్తాడు. అధ్యాయంలోంచీ తీసేసి, తలమీంచీ తీసేసినట్టవుతుంది. అంత పాపం మూటగట్టుకునే ధైర్యం లేక తిరిగొచ్చేశాడు.

ఇంట్లో మాత్రం పండగే.

"అల్లుడుగారూ, మొన్న బాబాయి మీ గురించి అడిగాడు" అన్నాడు మామగారు ఒకరోజు, గడ్డం నున్నగా గీయించుకొచ్చి.

డాక్టరుగారు చదువుతున్న కాగితం కింద పెట్టాడు. "ఏమని?"

"ఒంట్లో ఎలా ఉందని."

"మీరేమన్నారు?"

"ఒంటి సంగతి తెలీదు గానీ జుట్టు మాత్రం నవనవలాడుతోందని చెప్పాను."

భార్య వంటింట్లోంచి కిసుక్కున నవ్వడం వినిపించింది. డాక్టరుగారు మూతి ముడుచుకున్నాడు.

"అయినా మీరు అక్కడికి వెళ్లడం మానేశారు కదా మావయ్యగారూ? బజారులో గీయించుకుంటున్నారనుకున్నాను."

"మధ్యలో మానేశాను. ఈ మధ్య మళ్లీ వెళుతున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది" అని మామగారు పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలో ఎందుకు మానేశాడో, ఇప్పుడేం హాయో అడిగి ఉంటే డాక్టరుగారికి చాలా శ్రమ తప్పేది. జనం ఎందుకు ఏం మాట్లాడతారో తెలుసుకోవడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి, సొంత మామగారిని ఒక్క ప్రశ్న వేయడం మరిచిపోయాడు.

ఇంతలో సెమినార్ తేదీ వచ్చిపడింది. సోమవారం కమిటీ ముందు నిలబడి, థీసిస్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవాలి. ఈసారి కమిటీకి నచ్చకపోతే గడువు పెంచరు. గడువు పెంచకపోతే వీధి ఇచ్చిన పట్టాతోనే జీవితాంతం సరిపెట్టుకోవాలి. శుక్రవారం యూనివర్సిటీ వరండాలో మేడమ్ ఎదురైంది. ఆవిడ చూపు ముందు ఆయన చేతిలో ఫైలు మీద పడింది, తర్వాత తలమీదికి వెళ్లింది.

"పేజీలు తగ్గాయి, జుట్టు పెరిగింది" అంది.

"నాలుగో అధ్యాయం తీసేశాను మేడమ్. మీరన్నట్టే."

"నేనన్నట్టా? ఆయన్ని మళ్లీ కలిశారా?"

డాక్టరుగారు నీళ్లు నమిలాడు.

"తీసేసినట్టు ఆయనకు తెలుసా?"

ఈసారి నమలడానికి నీళ్లు కూడా లేవు. మేడమ్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మీరు ఏడాదిపాటు ఆ మనిషి టైమ్ తీసుకున్నారు. కమిటీకి సోమవారం చెబుదురు గాని, ముందు ఆయనకు చెప్పండి" అని, చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ సర్దుకుని వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రానికి డాక్టరుగారు ఒక ఉపాయం కనిపెట్టాడు. బాబాయి దగ్గరికీ వెళ్లకూడదు, వేరేచోటికీ వెళ్లకూడదు, సోమవారానికి మనిషిలా కనిపించాలి. కాబట్టి భార్యే కత్తిరించాలి. ఆవిడ వద్దంది. ఆయన బతిమాలాడు. సరే చూద్దామని, బాల్కనీలో స్టూలు వేసి, మెడ చుట్టూ పాత దుప్పటి చుట్టి, వంటింటి కత్తెర తెచ్చింది. కుడివైపు కాస్త కత్తిరించింది. బాగానే ఉంది. ఎడమవైపు కొంచెం ఎక్కువ తెగింది. దానికి సమంగా కుడివైపు తగ్గించింది. అది మరీ తగ్గిపోయి, ఎడమవైపు మళ్లీ పొడుగైంది. అలా సమానత్వం కోసం పోరాటం చాలాసేపు సాగి, చివరికి చెవుల పైన రెండు మెట్లు, నుదుటి మీద ఒక వాలు మిగిలాయి.

మామగారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "అల్లుడుగారూ, ఇది మనం చేసుకున్నట్టు ఎవరికీ చెప్పకండి. ఎవరో దారికాచి చేశారని చెబుదాం."

భార్య కత్తెర కింద పడేసి, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది. డాక్టరుగారు అద్దంలో చూసుకుని ముందు కోపం తెచ్చుకోబోయి, అది కుదరక, స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ నవ్వు ఆపుకుని పక్కన కూర్చుంది.

"నీకు జుట్టు గురించి బాధా, ఆయన గురించా? ఏది స్పష్టంగా ఉంది?"

"ఆయన ఆ ఫోటో అందరికీ చూపించాడు" అన్నాడు డాక్టరుగారు. "నేను మాటిచ్చాను. ఇప్పుడు నా ముఖం ఆయనకెలా చూపించను?"

"ముఖం సంగతి తర్వాత, ఆ తల మాత్రం చూపించక తప్పదు. రేపు వెళ్లు" అని ఆవిడ ఆయన భుజం మీద పడ్డ వెంట్రుకలు దులిపింది.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, డాక్టరుగారు చాలా రోజుల తర్వాత అసలు దారి పట్టాడు. ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు. మేడమ్ చెప్పిందని కాదు, దాన్ని ఆయన ఎదుట పెట్టడానికి సిగ్గేసింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. కమిటీ, నియమాలు, పేజీల పరిమితి. అన్నీ నమ్మదగినట్టే ఉన్నాయి. షాపు గడప ఎక్కి, "బాబాయ్" అని నోరు తెరిచాడు.

బాబాయి చటుక్కున పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

కిందికి దిగని కుర్చీలో మామగారు. ఒక బుగ్గ నున్నగా, ఒక బుగ్గ నురగతో, నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ నిద్రపోతున్నాడు. బెంచీ మీద ఇంకో మనిషి గోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. బాబాయి మామగారి గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి తల అటు తిప్పాడు, గీశాడు, ఇటు తిప్పాడు, గీశాడు. ఒక్క మాట లేదు. మామగారి నిద్ర చెదరలేదు.

డాక్టరుగారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పరిశోధన కోసం ఈ షాపుకు ఏడాదిపాటు వచ్చాడు, వందల పేజీల మాటలు మోసుకెళ్లాడు. ఈ నిశ్శబ్దాన్ని మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

బాబాయి మామగారి ముఖం తడిగుడ్డతో తుడిచి, లేపకుండా అలాగే వదిలేశాడు. పైకి లేవని కుర్చీ దులిపి, కూర్చోమని సైగ చేశాడు. గుడ్డ కప్పి, మెడ దగ్గర ముడి వేసి, అప్పుడు తలకేసి చూశాడు. చెవుల పైన మెట్లను వేలితో తడిమాడు.

"అమ్మాయి చేసిందా?" అన్నాడు గుసగుసగా.

డాక్టరుగారు తలూపాడు.

"పాపం, కష్టపడింది."

నీళ్లు చిమ్మే బాటిల్ రెండుసార్లు నొక్కాడు. దువ్వెన తల మీద ఆనగానే డాక్టరుగారికి కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. కమిటీ గుర్తుకు రాలేదు, నియమాలు గుర్తుకు రాలేదు. అద్దంలోకి చూస్తే పక్కనే ఊపిరి బిగబట్టిన ఫోటో.

"బాబాయ్, మీ అధ్యాయం తీసేశాను" అన్నాడు, తనూ గుసగుసగానే. "మా మేడమ్ మళ్లీ కలవమంది. నేనే కలవకుండా తీసేశాను. చెప్పడానికి ముఖం చెల్లక రాలేదు."

కత్తెర ఆగింది. అద్దంలో బాబాయి కళ్లు ఆయన కళ్ల మీదే ఉన్నాయి.

"పుస్తకంలోంచి నన్ను తీసేశావు, బాగానే ఉంది" అన్నాడు బాబాయి. "షాపులోంచి నువ్వెందుకు పోయావు?"

తప్పు చేశానని తెలియడం వేరు, దాన్ని ఇంత మెల్లగా, పక్కవాళ్లకు నిద్రాభంగం కాకుండా ఒకరు చెప్పడం వేరు. డాక్టరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. గుడ్డ కింద చేతులు ఇరుక్కుపోయి తుడుచుకోవడానికి కూడా కుదరలేదు. బాబాయి అది చూసి, దులిపే బ్రష్షుతో ఆయన బుగ్గ మీద ఒకసారి దులిపాడు, వెంట్రుక ఏదో పడ్డట్టు.

"జబ్బు చేసిందేమో అనుకున్నాను. మీ మామగారు తిన్నగా చెప్పరు కదా, జుట్టు గురించి ఏదో అన్నారు. ఊరు మారిపోతున్నావేమో అని కూడా అనుకున్నాం, నేనూ మీ పిన్నీ."

"క్షమించండి బాబాయ్."

"సరేలే. తల వంచు." కత్తెర మళ్లీ మొదలైంది. కాసేపటికి బాబాయి తనంతట తనే, ఇంకా గొంతు తగ్గించి అన్నాడు. "నిజం చెప్పనా? నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది."

"దేనికి?"

"నేను మాటకారినా అబ్బాయ్? నువ్వు ఇన్నేళ్లుగా వస్తున్నావు కదా, ఫోన్ పెట్టకముందు నీతో నేను ఎన్ని మాటలాడాను?"

డాక్టరుగారు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా 'తల వంచు', 'అయిపోయింది' తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు.

"మొదటి రోజు నువ్వు ఫోన్ పెట్టుకుని కూర్చున్నావు. నేనేం చెప్పలేకపోయాను. నీ ముఖం వాడిపోయింది. ఇంటికెళ్లి మీ పిన్నితో అన్నాను. పిల్లాడి చదువు మన దగ్గర ఆగిపోతుందేమో, ఏదో ఒకటి చెప్పవయ్యా అంది. ఇక అప్పటి నుంచి నువ్వొచ్చే రోజంటే నాకు పరీక్షే. టీ కొట్టు దగ్గర నిలబడి నాలుగు కబుర్లు ఏరుకునేవాణ్ణి. అవి చాలకపోతే మీ పిన్ని రెండు కల్పించేది. అన్నదమ్ముల రాజీ ఆవిడదే."

"అన్నదమ్ముల రాజీ!" డాక్టరుగారు దాదాపు కేకపెట్టాడు. ఆ రాజీ మీద ఆయన పదకొండు పేజీలు రాశాడు.

"ష్. చెప్పీ చెప్పీ అలవాటైపోయి, నువ్వు లేనప్పుడు కూడా వాగడం మొదలుపెట్టాను. గిరాకీ జారిపోయింది. పడుకోనివ్వట్లేదని మీ మామగారు కూడా బజారుకు మారిపోయారు. నువ్వు మానేశాక మళ్లీ ఒక్కొక్కళ్లే వస్తున్నారు." బాబాయి చెవి పక్కన జాగ్రత్తగా రెండు మెట్లనూ ఒక్క వాలు చేశాడు. "నీకు అబద్ధాలు చెప్పినట్టయింది. అది మాత్రం నాకూ లోపల గుచ్చుతూనే ఉంది. ఏమనుకోకు."

ఏమనుకుంటాడు? ఒక మనిషి తన కోసం స్వభావమే మార్చుకున్నాడు, ఉన్న గిరాకీ పోగొట్టుకున్నాడు, ముఖం వాడిపోకూడదని. ఇదేమీ కనిపెట్టకుండా తను 'వీధికి నాలుక' అని పేరు పెట్టి గర్వపడ్డాడు. డాక్టరుగారికి సిగ్గూ, నవ్వూ, బాబాయి మీద చెప్పలేనంత ప్రేమా అన్నీ ఒక్కసారే వచ్చాయి. మేడమ్ పెన్సిల్ మీద కూడా కాస్త గౌరవం కలిగింది.

"బాబాయ్, ఇప్పుడు చెప్పింది రాసుకోవచ్చా? ఇలాగే, ఉన్నదున్నట్టు?"

"మీ పిన్ని కల్పించిందని కూడానా?"

"అది మరీ ముఖ్యం."

"ఆవిణ్ణి అడిగి చెబుతాను. నా వరకూ అయితే రాసుకో."

"ఒక్క ప్రశ్న. మీరు మాట్లాడరు. వచ్చినవాళ్లు నిద్రపోతారు. బజారులో గాజుతలుపులూ, చల్లగాలీ ఉన్నాయి. అయినా జనం ఇక్కడికే ఎందుకొస్తారు?"

బాబాయి కత్తెర పక్కన పెట్టాడు. మామగారి వైపు చూశాడు, బెంచీ మీద మనిషి వైపు చూశాడు, తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. నిజంగానే ఆలోచించాడు.

"తెలీదబ్బాయ్" అన్నాడు.

డాక్టరుగారు గట్టిగా నవ్వేశాడు. ఆపుకోలేకపోయాడు. పక్క కుర్చీలో మామగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచి, అద్దంలో అల్లుణ్ణి చూసి, "మళ్లీ మొదలుపెట్టారూ!" అని విసుక్కుని, మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఇద్దరూ దొంగల్లా నోరు మూసుకున్నారు. బాబాయి ఆయన తలను మెల్లగా ఎడమకు వంచాడు. చల్లగా నీళ్లు చిమ్మాయి. చెవి దగ్గర కత్తెర చప్పుడు, పైన ఫ్యాను చప్పుడు, పక్కన మామగారి గురక. సోమవారం కమిటీ ముందు ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టరుగారికి తోచింది. ఆ మాట మరిచిపోకుండా రాసుకోవాలనుకున్నాడు గానీ చేతులు గుడ్డ కింద ఉన్నాయి. కాసేపట్లో రాసుకోవచ్చులే అనుకున్నాడు. కనురెప్పలు బరువెక్కాయి.

ఎంతసేపైందో తెలియదు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. క్షవరం అయిపోయినట్టుంది, మెడ వెనక తేలిగ్గా ఉంది. బరువెక్కిన రెప్పల సందులోంచి అద్దంలో గుమ్మం కనిపించింది. ఎవరో కొత్తాయన లోపలికొచ్చి, "ఎంతసేపు పడుతుందండీ?" అని అడగబోతున్నాడు. బాబాయి పెదవుల మీద వేలు పెట్టి, డాక్టరుగారి వైపు చూపించి, ఆయన్ని బెంచీ మీద కూర్చోమన్నాడు.